పెట్టెలో మిగిలిన సగం

చిక్కసూగూరు,
11 ఏప్రిల్ 2011

పెదనాన్నా,

ఫోన్ చేస్తే మీకు వినిపించదు. పెద్దమ్మ అందుకుంటుంది గానీ "తిన్నావా, చిక్కిపోయావా" దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఉత్తరం. అక్షరాలు దిద్దించింది మీరే కాబట్టి తప్పులుంటే ఆ పాపం మీదే.

ఇక్కడ ఎండ నలభై రెండు. రేకుల షెడ్డులో కూర్చుంటే బూరెల మూకుడులో ఉన్నట్టుంది. వాకిట్లోంచి శక్తినగర్ పొగగొట్టాలు కనిపిస్తాయి. మీరు ఇక్కడ ఉన్న రోజుల్లో అవి కొత్తవని చెప్పేవారు. ఇప్పుడు జనం వాటిని చూసి వాన సంగతి చెప్పుకుంటున్నారు, పొగ ఎటు వాలితే గాలి అటు అని.

ఎవరికీ అక్కర్లేని పని నాకు ఇచ్చారు. ఎర్రగుట్ట మీద ఇరవై అయిదేళ్ళ కిందట బంగారం కోసం వేసిన బోర్ల తాలూకు రాతి కడ్డీలు ఈ షెడ్డులో పెట్టెల్లో పడి ఉన్నాయి. ఒక్కో పెట్టె తెరిచి, కడిగి, మళ్ళీ చదివి రాయాలి. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి దయ. చేతులు నొప్పి, నడుం నొప్పి, రాళ్ళ మీద విసుగు. మీరెలా ముప్పై ఏళ్ళు చేశారో గానీ.

మొదటి పెట్టె మూత తీయగానే నవ్వొచ్చింది. లోపల మీ చేతిరాత! "గ్రానైట్ తగిలింది. ఆపేయండి. జి.సి." ఆ ఐత్వం పెట్టే తీరు మీ ఒక్కరిదే. పదకొండు బోర్లు, పదకొండింటి చివరా అదే మాట. నల్లరాయి ఉన్నంతవరకు తవ్వించారు, గ్రానైట్ మొహం చూడగానే మిషను ఎత్తించేశారు.

ఏడో బోరు ఒక్కటే గ్రానైట్‌లోకి నాలుగు మీటర్లు దిగింది. అందులో అరమీటరు ముక్కను నిలువునా చీల్చి ఒక సగం పరీక్షకు పంపినట్టుంది, ఇంకో సగం పెట్టెలోనే ఉంది. రిజిస్టరులో ఆ శాంపిల్‌కి టన్నుకు ఆరు గ్రాముల పైన బంగారం అని రాసి, ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "ఉంగరం. లెక్కలోకి తీసుకోరాదు" అని ఉంది. సంతకం మీదే.

ఎవరి ఉంగరం పెదనాన్నా? రిపోర్టులో ఆ కొట్టివేతకు కారణం రాయమంటున్నారు.

పెద్దమ్మకి నమస్కారాలు. ఇక్కడ మామిడికాయలు పులుపు లేవు, అదొక దిగులు.

మీ బిందు

తెనాలి,
20 ఏప్రిల్

బిందూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్ళు ఒక్కసారికి లొంగడం లేదు. చెవుల సంగతి నీకు తెలుసు, డ్రిల్లు మిషన్లు తినేశాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం గ్రహిస్తాను, మీసాలవాళ్ళతోనే కష్టం. ఫోన్‌కి పెదవులు లేవు కదా.

గ్రానైట్ దగ్గర ఎందుకు ఆపేవాళ్ళమంటే, మా గురువుగారు ఒక మాట చెప్పేవారు: "గ్రానైట్ పొయ్యి, నల్లరాయి గిన్నె. కూర గిన్నెలో వెతుకు, పొయ్యిలో కాదు." కింద కరిగిన గ్రానైట్ వేడికి బంగారం కదిలి, చుట్టూ ఉన్న నల్లరాయిలోకి పోయి స్థిరపడుతుందని, గ్రానైట్ మాత్రం ఖాళీ అని మా చదువు. నేనొక్కణ్ణే కాదు, అప్పట్లో అందరం ఆ మాట మీదే బతికాం.

ఉంగరం సంగతి. బంగారం మెత్తన. చీల్చేవాడి వేలికున్న ఉంగరం రాతికి ఒక్కసారి రాసుకున్నా చాలు, ఆ రవ్వ శాంపిల్లో కలిసి ఖాళీ రాయి కూడా గొప్ప గని అయిపోతుంది. అందుకని షెడ్డులోకి వచ్చేవాళ్ళు ఉంగరాలు, గొలుసులు తీసి ఒక బిస్కెట్ డబ్బాలో వేసేవాళ్ళు, సాయంత్రం తీసుకునేవాళ్ళు. ఆ శాంపిల్ చీల్చినవాడు ఉంగరం తీయలేదని తేలింది. పని ఆగిపోకుండా కావాలనే కలిపాడని కూడా అన్నారు. తీసేశారు. పేరు గుర్తు లేదు.

పాత కాగితాలకు అంత ఆలోచన వద్దు. "కారణం తెలియదు" అని రాసేయ్. ఎవరూ అడగరు.

మామిడికాయలు పంపిస్తానంటోంది మీ పెద్దమ్మ. నువ్వు ఎండలో తిరగకు.

పెదనాన్న

చిక్కసూగూరు,
2 మే

పెదనాన్నా,

"కారణం తెలియదు" అని రాద్దామనే కూర్చున్నాను. ఒంట్లో ఓపిక లేదు, రాసేస్తే పోయేది. కానీ సంతకం పెట్టేముందు ఆ మిగిలిన సగాన్ని కడిగి ఒళ్ళో పెట్టుకుని చూశాను. చూడకుండా ఉండాల్సింది.

అది గ్రానైటే. కానీ గుట్ట మీద కనిపించే గులాబీ గ్రానైట్ కాదు. నలిగి ఉంది. పగుళ్ళలోంచి వేడినీళ్ళు పారిన గుర్తులున్నాయి. గట్టిగా ఉండాల్సిన తెల్లగింజలు లేతాకుపచ్చ అభ్రకంగా మారి, గోరు పెడితే గీత పడుతోంది. సన్నటి పలుగురాతి చారలు, వాటి అంచున ఇత్తడి రంగు మెరుపుచుక్కలు. గ్రానైట్ పెళుసు కాబట్టి భూమి ఒత్తిడికి బాగా పగులుతుంది, ఆ పగుళ్ళలోకే తర్వాతెప్పుడో బంగారపు నీళ్ళు ఎక్కుతాయి, అని ఇప్పుడు మాకు పాఠాల్లోనే చెప్తున్నారు. మీ పొయ్యి చల్లారి బీటలు వారాక కూర అందులోకే కారిందన్న మాట.

ఆ సగంలో ఒక ముక్కను నిన్న పరీక్షకు పంపాను. నా వేళ్ళకు ఏమీ లేవు, చెవి దుద్దులు కూడా తీశాను, పెద్దమ్మకి చెప్పకండి.

ఇంకో సంగతి. మా జీపు డ్రైవరు దస్తగిరిది కర్నూలు వైపు, ఇక్కడే ముదిరిపోయాడు. పాత శాంపిళ్ళు చీల్చిందెవరని అడిగితే చటుక్కున చెప్పాడు. "యాపలదిన్ని నాగప్ప కదమ్మా! ఉంగరం నాగప్ప అంటే సంతలో చిన్నపిల్లోడు కూడా ఇల్లు చూపిస్తాడు. మామ పెట్టిన ఉంగరం అరగదీసి రాళ్ళల్లో కలిపినోడు."

మీకు పేరు గుర్తు లేదన్నారు. ఊరికి ఇంకా గుర్తుంది.

బిందు

తెనాలి,
9 మే

బిందూ,

ఆ ముక్క పంపకుండా ఉండాల్సింది. నన్ను అడిగి ఉంటే వద్దనేవాణ్ణి.

నాకు ఒంట్లో బాగుండటం లేదు. పెద్ద ఉత్తరం రాయలేను. యాపలదిన్ని వెళ్ళవద్దు.

పెదనాన్న

చిక్కసూగూరు,
29 మే

పెదనాన్నా,

వెళ్ళాను. మీ మాట కాదన్నది బహుశా ఇదే మొదటిసారి.

ముందు ఫలితం. మిగిలిన సగంలో కూడా టన్నుకు ఆరు గ్రాములకు కొంచెం తక్కువ వచ్చింది. పాతికేళ్ళుగా ఎవరి వేలూ తగలని రాయి. అంటే గ్రానైట్‌లో బంగారం ఉంది, ఉంగరం మాట అబద్ధం. ఈ కాగితం పట్టుకుని మంచివార్త చెప్పడానికి పోతున్నానన్న హుషారుతో పోయాను, బుద్ధి లేక.

నాగప్పకు యాభై అయిదు ఉంటాయేమో, డెబ్భైలా ఉన్నాడు. మీరు తీసేశాక కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు వ్యాగన్లు దింపే కూలికి పోయాడట. ఇరవై ఏళ్ళు పార పట్టాడు. నేను ఎక్కణ్ణించి వచ్చానో చెప్పగానే లేచి నిలబడ్డాడు. "ఏందమ్మ, మళ్ళ ఏం పోయింది? నేనైతే ఆ దిక్కు రాలే" అన్నాడు. పెదనాన్నా, ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది.

కాగితం చదివి వినిపించాను. ఆయన భార్య బసమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. చివరికి అంది: "ఉంగరం మా నాయన పెట్టిండు, పెండ్లిల. ఈయన దాన్ని అరగదీసి దగా చేసిండని మా నాయన ఇంట్లకు రానీయలే. ఆరేండ్లు పుట్టింటి గడప తొక్కలే నేను. మా నాయన సచ్చినంక పోయిన, శవం కాడికి. ఇప్పుడు కాగితం తెచ్చినవా?"

నాగప్ప ఆమెను వారించాడు. తర్వాత ఆ రాయి సంగతి చెప్పాడు. "గ్రానైట్ ఒస్తే ముట్టొద్దని సారు హుకుం. కానీ ఆ రాయి చేతికి మెత్తగొచ్చింది, తడిసిన సున్నం తీరుగ. గ్రానైట్ గట్ల ఉండది గదా. ఏమన్న ఉండొచ్చని నేనే చీల్చి బ్యాగుల ఏసిన. ఇస్మార్ట్ అయిన, నౌకరి పోయింది."

అంటే దాన్ని మొదట గుర్తుపట్టింది ఆయన. మీ చదువూ కాదు, నా చదువూ కాదు.

మళ్ళీ ఇంకో మాట అన్నాడు. "ఉంగరం పొద్దుగాల్నే సారు టేబులు మీది డబ్బాల ఏసినమ్మ. తాళం సారు జేబులనే. ఇచ్చినోళ్ళ పేరు దినాము పుస్తకంల రాసి సారే సంతకం పెట్టేది, పుస్తకం గూడ డబ్బాలనే. సారును అడుగు. డబ్బా తెరిచిండా, లేదా? అంతే అడుగు."

మీరు నాకు రాసినప్పుడు "ఒక డబ్బా" అన్నారు. అది ఎవరి డబ్బానో రాయలేదు. నేను కూతురిగా మిమ్మల్ని అడగలేను, నోరు రావట్లేదు. నాన్న పోయాక నన్ను చదివించి, ఈ రాళ్ళ మీద మోజు పెట్టింది మీరు. జియాలజిస్టుగా అడుగుతున్నాను. డబ్బా తెరిచారా?

బిందు

తెనాలి,
11 జూన్

అమ్మా బిందూ,

తెరవలేదు.

ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నువ్వు అడిగావు. మీ పెద్దమ్మకి కూడా తెలియదు, ఇవాళ పొద్దున చెప్పాను. ఆవిడ మధ్యాహ్నం అన్నం వడ్డించి తను లోపలికి వెళ్ళిపోయింది.

పేరు గుర్తు లేదన్నది అబద్ధం. మర్చిపోగలిగితే కదా.

అది 86 నవంబరు. ఎర్రగుట్ట గ్రానైట్ ఖాళీ, అక్కడ బోర్లు ఆపేయవచ్చు అని మూడు నెలల ముందే నేను రిపోర్టు పంపాను. దాని మీద నాకు ప్రమోషను రావాల్సి ఉంది. ఏడో బోరు నాడు నేను పని మీద రాయచూరు వెళ్ళాను, ఆపమని చెప్పేవాళ్ళు లేక మిషను నాలుగు మీటర్లు కిందికి పోయింది. తర్వాత ఫలితం వచ్చింది. ఆరు గ్రాములు! గ్రానైట్‌లో! అది నిజమైతే పదకొండు బోర్లూ బంగారం గుమ్మం దాకా పోయి, నా మాట మీద వెనక్కి తిరిగినట్టు.

పై ఆఫీసరు వచ్చాడు. కాగితం చూసి నవ్వుతూ, "ఎవడి ఉంగరమో అరిగినట్టుందే" అన్నాడు. ఊరికే అన్నాడు. నేను దాన్ని పట్టుకున్నాను. "అవును సార్, చీల్చేవాడికి కొత్తగా పెళ్ళయింది" అన్నాను. అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

నాగప్పను పిలిపించారు. వాడు అరవలేదు, ఏడవలేదు. రెండు మాటలు అడిగాడు. "సారూ, డబ్బా తెరవండి. లేకుంటే పెట్టెల ఉన్న సగం పంపిచ్చి చూడండి." డబ్బా నా ముందు టేబులు మీద ఉంది. తాళం నా జేబులో తొడకు గుచ్చుకుంటోంది. పెట్టె పది అడుగుల దూరంలో ఉంది. నేను రెండూ చేయలేదు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. నాగప్ప చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు కూడా పనిరోజే. పొద్దున డబ్బాలో వేసిన ఉంగరం డబ్బాలోనే ఉండిపోయింది. పదిహేను రోజుల్లో నేనే బదిలీ అడిగి పారిపోయాను. ఆ డబ్బా, పుస్తకం, ఉంగరం ఇప్పటికీ నా బీరువాలో పంచెల కింద ఉన్నాయి. పుస్తకంలో ఆ శాంపిల్ చీల్చిన తారీఖు కింద నాగప్ప పేరు, నా సంతకం చక్కగా ఉన్నాయి. ఏడు ఊళ్ళు మారాను. ప్రతి ఊళ్ళోనూ సామాను సర్దేటప్పుడు దాన్ని పారేద్దామనుకునేవాణ్ణి, పారేయలేకపోయేవాణ్ణి. తిరిగి ఇద్దామనీ అనుకునేవాణ్ణి. అనుకోవడానికి ఏముంది.

అలిసిపోయాను బిందూ. రాయి విషయంలో పొరబడటం తప్పు కాదు, మా కాలం వాళ్ళందరం పొరబడ్డాం. మనిషి విషయంలో నేను పొరబడలేదు. తెలిసే చేశాను.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయి. నా పేరుతోనే రాయి. ఉంగరమూ, నా సంతకంతో ఒక క్షమాపణ కాగితమూ రిజిస్టరు పోస్టులో పంపిస్తాను. నువ్వు తీసుకెళ్ళి ఇవ్వు. నాకు మోకాళ్ళు సహకరించవు.

పెదనాన్న

చిక్కసూగూరు,
19 జూన్

పెదనాన్నా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు షెడ్డుకు పోలేదు. మీ మీద కోపంగా ఉంది. ఆ కోపం చూపించడానికి ఎదురుగా మీరు లేరు, అది ఇంకా కోపంగా ఉంది.

నాగప్పకు చెప్పాను. ఆయన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పోస్టుల ఒస్తే వాపస్ పంపిస్త. కాగితం నాకెందుకమ్మ? నా ఇజ్జత్ కాగితంల పోలే, సారు నోటితోని పోయింది. పొద్దుమూకి డెయిరీల పాలు పోసే యాళకు ఊరంత ఉంటది. గక్కడికొచ్చి నోటితోనే చెప్పమను. మోకాళ్ళు నాకు గూడ నొస్తయ్."

రైలు గుంతకల్లు మీదుగా ఉంది. దస్తగిరి స్టేషనుకు జీపు తెస్తాడు. నేనైతే బతిమాలను.

బిందు

చిక్కసూగూరు,
8 జూలై

పెదనాన్నా,

క్షేమంగా చేరారని పెద్దమ్మ ఫోన్ చేసింది. ఈ ఉత్తరం రాయాలా వద్దా అని నాలుగు రోజులు కొట్టుకున్నాను.

మీరు రావడం నాకు సంతోషం. ముందు ఆ మాట. డెయిరీ ముందు అరుగు మీద నిలబడి, చేతిలోని కాగితం చదివారు. "నేను అబద్ధం చెప్పాను" అన్నచోట మీ గొంతు పెద్దదైంది. చెవిటివాళ్ళకు తమ గొంతు తెలియదంటారు. పాల క్యాన్ల చప్పుడు ఆగిపోయింది. తెలుగు రానివాళ్ళకు దస్తగిరి కన్నడంలో చెప్తున్నాడు, మీరు గమనించారో లేదో. ఒక పండు ముసలాయన దస్తగిరి చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆయన బసమ్మ చిన్నాన్నట.

ఉంగరం నాగప్ప వేలికి ఎక్కలేదు. పార పట్టిన వేళ్ళు, కణుపు దగ్గరే ఆగిపోయింది. బసమ్మ తీసుకుని కొంగున ముడేసుకుంది. అప్పుడు నేను మీ పక్కనే ఉండగా నాగప్ప మీకు దగ్గరగా వచ్చి మెల్లగా ఒక మాట చెప్పాడు. మీరు తల ఊపారు, కొంచెం నవ్వారు కూడా. జీపులో "ఏమన్నాడు?" అని నన్ను అడిగారు. "ఏమీ లేదు, మంచిదే అన్నాడు" అన్నాను. మీ కళ్ళు చూసి చెప్పలేకపోయాను.

అది అబద్ధం. ఆయన అన్నది ఇది:

"సారూ, ఇరవై అయిదేండ్ల సంది అందరు అంటుంటే, ఆ దినం నా ఏలికి ఉంగరం ఉండెనో లేకుండెనో నాకే గుర్తు లేకుండ అయ్యింది. నేనే మర్చిపోయి తొడుక్కున్ననేమో అనుకునేటోన్ని. బసమ్మకు గూడ చెప్పలే. ఇప్పుడు మీరు చెప్పినంక తెలిసింది, నేను ఝూట్ ఆడలేదని. గది చాలు. మాఫీ మాత్రం అడగకండి. అది నా తాన లేదు."

ఆయన మిమ్మల్ని క్షమించలేదు పెదనాన్నా. మీరు క్షమించాడనుకుని నవ్వుతూ ఇంటికి వెళ్ళిపోయారు. అలా అనుకుంటూ మిగతా కాలం హాయిగా ఉంటారు కదా, ఉండనిద్దాం అనుకున్నాను. కానీ చూసిన రాయిని చూసినట్టే రాయమని నేర్పింది మీరే. నొప్పిస్తే నొప్పించాను.

బిందు

తెనాలి,
16 జూలై

బిందూ,

నాగప్పకు మీసాలు లేవు.

రిగ్గు దగ్గర, షెడ్డు దగ్గర ఆ మోతలో మేమంతా ఒకరి పెదవులు ఒకరం చూసే మాట్లాడుకునేవాళ్ళం. వాడి పెదవులు నాకు బాగా అలవాటు. ఒక్క మాట కూడా పోలేదు. నేను తల ఊపింది అందుకే, వాడు అన్నది సబబు కాబట్టి. నవ్వు ఎందుకొచ్చిందంటే, పాతికేళ్ళలో ఒక మనిషి నాతో అబద్ధం లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

తన వేలిని తనే నమ్మలేకుండా చేశానన్న సంగతి మాత్రం నాకు తెలియదు. ఉద్యోగం తీశాననుకున్నాను, పరువు తీశాననుకున్నాను. ఇది నా లెక్కలో లేదు. ఆ మాట దగ్గరే ఉన్నాను ఈ రెండు వారాలూ. ఇకమీదట కూడా అక్కడే ఉంటాను.

జీపులో నిన్ను అడిగింది తెలియక కాదు. నువ్వేం చెప్తావో చూద్దామని అడిగాను. "మంచిదే అన్నాడు" అన్నావు, ఎంతో తేలిగ్గా. బిందూ, అప్పుడు నాకు భయం వేసింది. పై ఆఫీసరు ముందు నా నోట్లోంచి వచ్చిన మాట కూడా అంత తేలిగ్గానే వచ్చింది. నాది స్వార్థం, నీది జాలి, అయినా నోరు ఒకటే. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద మూడు గంటలు కూర్చుని అదే ఆలోచించాను. నిన్న నీ ఉత్తరం వచ్చింది. చదివి మీ పెద్దమ్మకు ఇచ్చాను. ఆవిడ చదివి, ఇన్నాళ్ళ తర్వాత నా పక్కన కూర్చుని అన్నం తిన్నది.

ఎర్రగుట్ట మీద మళ్ళీ బోర్లు వేయిస్తారని రాశావా, అన్నావా, గుర్తులేదు. వేస్తే గ్రానైట్ తగిలాక ఆపనివ్వకు. రిజిస్టరులో నా ఎర్ర సిరా చెరపవద్దు, అలాగే ఉంచు. ఆ శాంపిల్ పక్కన "తీసినవారు" అని ఒక ఖాళీ గడి ఉంటుంది, అప్పట్లో ఎవరూ నింపేవాళ్ళం కాదు. అందులో యాపలదిన్ని నాగప్ప అని రాయి.

మామిడికాయలు అయిపోయాయి. ఊరగాయ పంపిస్తోంది.

పెదనాన్న